చిన్నాయన లాప్‌టాప్, రీసైకిల్ బిన్, ఏ సిస్టమ్ వేయాలనే గొడవ

మా చిన్నాయన లాప్‌టాప్ రీసైకిల్ బిన్‌లో, అంటే డిలీట్ కొట్టిన ఫైళ్లు పోయి చేరే బుట్టలో, 1,463 ఫైళ్లు ఉన్నాయి. 2025 అక్టోబర్లో ఆయన తన పాత లాప్‌టాప్ నా దగ్గరికి తెచ్చి "విండోస్ 10కి ఇంక అప్‌డేట్లు రావంట, 11 ఎక్కించు రా" అని చేతికిచ్చినప్పుడు నేను మొదట చేయబోయిన పని ఆ బిన్ ఖాళీ చేయడం, రైట్ క్లిక్ కూడా కొట్టేసినాను, పక్కన కూర్చున్న మనిషి టక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు నాయనా. పనికొచ్చేవి ఉండాయి దాంట్లో."

చిన్నాయనకి హిందూపురంలో ఇరవై ఏళ్లకి పైగా డీటీపీ షాపు, అంటే కంప్యూటర్లో పేజీలు తయారు చేసిచ్చే షాపు, ఉండేది. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, జాతర పోస్టర్లు, బిల్ బుక్కులు అన్నీ చేసేవాడు. ఇప్పుడు షాపు లేదు, బెంగళూర్లో రామమూర్తి నగర్లో కొడుకు దగ్గర ఉంటాడు, కానీ ఊరి నుంచి తెలిసినోళ్లు ఫోన్ చేసి పత్రిక చేసిపెట్టమంటే ఈరోజుకీ చేస్తాడు. పత్రిక పని తెలిసినోళ్లకి నేను చెప్పక్కర్లేదు, మొదటి ప్రూఫ్‌లో మేనమామ పేరు కిందికి పోయిందని ఒకరు అలుగుతారు, రెండో దాంట్లో వినాయకుడి బొమ్మ చిన్నదైందంటారు, మూడోది చూసి బ్రహ్మాండంగా ఉంది అని చెప్పి పోయి రాత్రి పదింటికి ఫోన్ చేసి "అన్నా, మొదటిదే బాగుండె, అదే వేసెయ్" అంటారు. అందుకే ఆయన వద్దన్న ప్రూఫ్‌ని డిలీట్ కొడతాడు గానీ బిన్ మాత్రం ఖాళీ చేయడు. పెళ్లి అయిపోయి డబ్బులు చేతికొచ్చేదాకా అది అక్కడే ఉండాలి, ఆ తర్వాత ఇంకో పెళ్లి పని వచ్చి పడుతుంది, పాతది అట్లే ఉండిపోతుంది. అట్లా 1,463.

ముందు నాకు ఇది సరైన పద్ధతి కాదనిపించింది, తర్వాత ఆలోచిస్తే మన ఇళ్లలో ఉండే అటక ఇదే కదా అనిపించింది. వాడుకునే వస్తువు కాదు, అట్లని పారేసిందీ కాదు, కళ్లముందు ఉండకూడదు, అడిగినప్పుడు మాత్రం దొరకాలి. ఆయన ఆ బిన్‌ని అట్లా వాడుతున్నాడు, అది తయారు చేసినవాళ్లు అట్లా అనుకోలేదు, ఇబ్బందంతా అక్కడే. బిన్‌కి ఒక సైజు హద్దు ఉంటుంది, అది దాటితే అన్నిటికంటే పాతవి చెప్పా పెట్టకుండా పోతాయి. స్టోరేజ్ సెన్స్ అనే సెట్టింగ్ ఎవరైనా ఆన్ చేస్తే 30 రోజులు దాటినవి తుడిచేయమని దాంట్లోనే ఉంటుంది. హద్దు కంటే పెద్ద ఫైల్ అయితే అసలు బిన్‌లోకే పోదు. ఇన్ని చిల్లులున్న అటక మీద ఆయన ఇన్నేళ్లు సామాను పెట్టుకున్నాడు.

సరే, లాప్‌టాప్ సంగతి. 2016లో కొన్నది, ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఈ లాప్‌టాప్ ఆ లెక్కలో రాదు. దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి, నా సొంతదైతే చేసేవాణ్ణేమో, అరవై ఆరేళ్ల మనిషి చేతిలో పెట్టే మెషిన్‌కి మాత్రం చేయను, రేపు ఏదో ఒక అప్‌డేట్ దగ్గర అది మొరాయిస్తే ఆయన ఎవర్ని అడగాలి? ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే స్కీమ్ ఒకటి పెట్టినారు, మంచిదే, కానీ అది వాయిదా వేయడమే. చిన్నాయన కొడుకు, మా తమ్ముడేమో "మ్యాక్ కొనిచ్చేస్తా నాయనకి" అన్నాడు, మ్యాక్ అంటే యాపిల్ వాళ్ల కంప్యూటర్. మా ఆఫీస్ ఫ్రెండ్ "లినక్స్ మింట్ వేసెయ్, ఎగురుతుంది" అన్నాడు, అది విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్. మూడు దార్లు.

అందరూ స్పీడ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు, ధర ఎంత అనే చూస్తారు. నేను మాత్రం ఏ సిస్టమ్ చూసినా ముందు డిలీట్ కొట్టినాక ఏమవుతుందో చూస్తాను. నాకు ఈ పట్టింపు ఎందుకొచ్చిందో చెప్తాను.

2019లో మా తాత పోయినాడు. అంతకు ముందు ఏడాది ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఆయన పాడిన నాటకం పద్యాలు ఫోన్లో రికార్డ్ చేసినాను, మొత్తం పదకొండు, ఒక్కొక్కదానికి పద్యం మొదటి మాటే పేరుగా పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసినాను. ఫోన్ మారింది, పాతది ఎక్స్‌చేంజ్‌లో పోయింది, పెన్‌డ్రైవ్ ఉంది కదా అనే ధైర్యం. ఒకరోజు ఆఫీసులో ఎవరికో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సొచ్చి బ్యాగులో చేతికి దొరికిన పెన్‌డ్రైవ్ తీసి, దాంట్లో ఉన్నవన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినాను. ఏదో బాక్స్ వచ్చింది. చదవకుండానే ఎస్ నొక్కినాను. నొక్కిన రెండు సెకన్లకి చెయ్యి చల్లబడింది. అయినా బిన్‌లో ఉంటాయిలే అని డెస్క్‌టాప్ మీద ఐకాన్ తెరిచి చూస్తే ఖాళీ. తాత పోయి అప్పటికి ఏడు నెలలు.

తప్పు నాదే, ఆ బాక్స్‌లో శాశ్వతంగా తీసేస్తున్నాం అనే రాసి ఉంటుంది. విండోస్‌లో మామూలుగా పెన్‌డ్రైవ్ మీది ఫైళ్లు రీసైకిల్ బిన్‌కి రావు, ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్ మీది ఫైళ్లూ అంతే, నేరుగా పోతాయి. ఆ ఐకాన్ కంప్యూటర్‌కి తగిలించిన అన్నిటికీ బుట్ట అనుకుంటాం గానీ కాదు. డిలీట్ బటన్ ఒకటే, కీబోర్డ్ మీద చోటు అదే, ఒక చోట వెనక్కి వస్తుంది, ఇంకో చోట రాదు.

పెన్‌డ్రైవ్ వెంటనే పీకి పక్కన పెట్టినాను, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేసినాను, ఎందుకంటే ఫైల్ తీసేయగానే దాని సరుకు చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని మాత్రం సిస్టమ్ రాసుకుంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. తిరిగే భాగాలు లేని డిస్క్, ఎస్‌ఎస్‌డీలో అయితే ఈ ఆశ తక్కువ, ట్రిమ్ అని ఒకటుంది, ఖాళీ అన్న చోటుని డ్రైవే తర్వాత శుభ్రం చేసేసుకుంటుంది. ఆ రాత్రి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికినాను. అది ఫైల్ పేర్లు చూడదు, ఫైల్ లోపలి ఆనవాలు చూసి ఇది పాట, ఇది ఫోటో అని ఏరుతుంది, కాబట్టి దొరికినవాటికి పేర్లు ఉండవు, ఎఫ్ అనే అక్షరం, వెనక ఏడు అంకెలు, అంతే. అట్లాంటివి డెబ్బైకి పైగా వచ్చినాయి, సినిమా పాటలు కూడా కలిసి. ఒక్కొక్కటి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఒక దాంట్లో దగ్గు వినపడింది, తర్వాత తాత గొంతు, "రికార్డ్ అవుతాందా అబ్బోడా?" అని. పదకొండులో తొమ్మిది దొరికినాయి. ఒకటి రాగం మధ్యలో తెగిపోతుంది.

ఈ కథ చిన్నాయనకి చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు, కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే పాత సిస్టమ్ డాస్ రోజులు గుర్తు చేసుకున్నాడు. అప్పుడు బుట్టా లేదు ఏం లేదు, డెల్ అని కొడితే పోయినట్టే. 1991లో వచ్చిన డాస్ 5తో అన్‌డిలీట్ అనే కమాండ్ ఇచ్చినారు, అది పోయిన ఫైల్‌ని వెతికి తెచ్చి పేరులో మొదటి అక్షరం ఏంటో మనల్నే అడిగేది. ఎందుకంటే ఆ రోజుల్లో ఫైల్ తీసేయడమంటే పట్టీలో దాని పేరు మొదటి అక్షరాన్ని కొట్టేసి గుర్తు పెట్టడమే, మిగతా పేరంతా అట్లే ఉండేది. "మొదటి అక్షరం మనకి గుర్తుంటే ఫైల్ మనది" అన్నాడు చిన్నాయన. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఆయన అసలు పని నేర్చుకున్నది ఈ బెంగళూర్లోనే, 1993లో, ఒక ప్రెస్‌లో, మ్యాకింటాష్ మీద. పత్రికలు, పుస్తకాల పేజీలు పేర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ పుట్టిందే మ్యాక్ మీద, 1985లో. ఆ ప్రెస్‌లో మొదటి రోజే ఆయనకి గుండె జారిందంట. కస్టమర్ పుస్తకం మొత్తం ఫ్లాపీలో ఉంది, పని అయినాక ఫ్లాపీ బయటికి తీయాలి, డ్రైవ్‌కి బటన్ లేదు, సీనియర్ వచ్చి "ఆ ఫ్లాపీ బొమ్మని లాక్కుపోయి చెత్తబుట్టలో వెయ్యి" అన్నాడంట. ఈయన వేయలేదు. వేస్తే పుస్తకం పోతుందని అట్లే కూర్చున్నాడు, చివరికి ఆ సీనియరే వేసి చూపించినాడు, ఫ్లాపీ గుర్రుమని బయటికొచ్చింది, పుస్తకం క్షేమం. నిజంగానే పాత మ్యాక్‌లలో అట్లానే ఉండేది, మెనూలో వేరే దారి ఉన్నా అందరూ బుట్టలోకి లాగడమే అలవాటు చేసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చినప్పుడు, డిస్క్‌ని పట్టుకుని లాగితే ఆ బుట్ట బొమ్మే ఎజెక్ట్ గుర్తుగా మారేట్టు చేసినారు. అంటే చిన్నాయన భయం న్యాయమైనదే, బుట్టకి ఒకే అర్థం ఉండాలి.

బుట్ట బొమ్మ డెస్క్‌టాప్ మీదికి రావడానికి 1983లో వచ్చిన యాపిల్ లీసా అనే కంప్యూటర్, ఆ తర్వాతి ఏడాది మ్యాకింటాష్ కారణం, మ్యాక్ ఐకాన్లు గీసినావిడ సూజన్ కేర్. కాగితాలు పడితే ఆ డబ్బా ఉబ్బేది. మొదటి మ్యాక్‌లలో మెషిన్ ఆపేస్తే బుట్ట దానంతటదే ఖాళీ అయిపోయేది, 1991లో సిస్టమ్ 7 వచ్చినాకే మనం ఖాళీ చేయమనేదాకా ఆగడం మొదలైంది, చిన్నాయన చేరేసరికి ఆ మార్పు వచ్చేసి ఉంది కాబట్టి ఆయనకి మొదటి నుంచీ బుట్ట అంటే దాచే చోటే. ఓఎస్/2 అనే ఇంకో సిస్టమ్ వాళ్లు 1992లో డెస్క్‌టాప్ మీద బుట్ట బదులు కాగితాలు చీల్చే ష్రెడర్ బొమ్మ పెట్టినారు, దాంట్లో వేస్తే పోయినట్టే, బొమ్మ నిజమే చెప్పింది, నాకది ఒక రకంగా నచ్చుతుంది. యాపిల్ 1988లో మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసులో హెచ్‌పీని కూడా కలిపింది, హెచ్‌పీ న్యూవేవ్ ప్రోగ్రామ్‌లోని చెత్తడబ్బా బొమ్మ దగ్గర కూడా కోర్టులో వాదన నడిచింది. 1995 ఆగస్ట్ 24న విండోస్ 95 వచ్చినప్పుడు దాని మీద చెత్తడబ్బా కాకుండా రీసైకిల్ బిన్ వచ్చింది. ఆ పేరే మన ఇళ్లకి సరిపోయింది అంటాను నేను, మన ఇంట్లో చదివేసిన పేపర్ ఏరోజైనా చెత్తలో వేసినామా, మూల పేర్చి పాత పేపర్లవాడు వచ్చేదాకా ఉంచుతాం, మధ్యలో అల్మారాలో పరచడానికి నాలుగు లాక్కుంటాం.

ఇప్పుడు మూడు దార్ల సంగతి. నేను రోజంతా పని చేసేది మ్యాక్ మీదే, దాని బుట్ట నాకిష్టం. మ్యాక్‌లో ఫైళ్లు చూసే ఫైండర్లో ఉత్త డిలీట్ కొడితే ఫైల్ కదలదు, కమాండ్ కూడా పట్టుకోవాలి, అంటే మోచెయ్యి తగిలి పోయే ప్రమాదం లేదు. పెన్‌డ్రైవ్‌లో తీసేసినవి కూడా పెన్‌డ్రైవ్‌లోనే కనపడని ఫోల్డర్లో ఉంటాయి, బుట్టలో కనపడతాయి, పుట్ బ్యాక్ అంటే ఎక్కడివి అక్కడికి పోతాయి. ఆరోజు నా చేతిలో మ్యాక్ ఉండుంటే తాత పద్యాలు పోయేవి కావు. అయినా చిన్నాయనకి మ్యాక్ వద్దన్నాను, ధర ఒక్కటే కాదు కారణం. ఆయన జీవితమంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. అది యూనికోడ్, అంటే ఇప్పుడు అన్ని మెషిన్లూ చదివే పద్ధతి, కాదు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే శ్రీరస్తు శుభమస్తు అన్నచోట ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడతాయి. పేజ్‌మేకర్ 7 తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు, ఈనాటి మ్యాక్‌లో అది నడవదు. తెలుగువాళ్లు సిస్టమ్ ఎన్నుకునేటప్పుడు ఈ లెక్క ముందు చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరంలో కనపడని ఒక గుర్తు ఇరికిస్తే ఐఫోన్లు, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలేవి, ఆ నెల 19న సరిచేసినారు, ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకున్న వారం అది.

కొత్త విండోస్ 11 లాప్‌టాప్ కొనేయొచ్చు, కానీ పాతది బాగానే ఉంది, కీబోర్డ్ మీద ఆయన వేళ్లు పడిన చోట అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, దాన్ని పక్కన పెట్టాలంటే ఆయనకి మనసు రాలేదు. చివరికి ఆ పాతదాంట్లోనే విండోస్ 10, లినక్స్ మింట్ రెండూ ఉంచినాం. ఒక శనివారం ఇద్దరం కేఆర్ పురంలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగి కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకి నడిచినాం. ఆ రోడ్డు మీద చిన్నాయన చిన్నపిల్లోడయిపోయినాడు, ఈ సందులో ఫ్లాపీ డబ్బాలు కొన్నాను, ఆ మూల ప్రింటర్ రిబ్బన్ రీఇంకింగ్ చేసేవాళ్లు అని చూపిస్తూనే ఉన్నాడు. ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో నాలుగు జీబీ ర్యామ్ తీసుకున్నాం, రెండూ కలిపి కొత్త లాప్‌టాప్ ధరలో ఆరో వంతు కూడా కాలేదు.

డిస్క్‌ని మూడు ముక్కలు చేసినాను. ఒక దాంట్లో విండోస్ 10, దానికి వైఫై తీసేసినాను, నెట్ లేదు, పేజ్‌మేకర్ పనికే. ఇంకో దాంట్లో లినక్స్ మింట్, బ్యాంకు, మెయిల్, వాట్సాప్, యూట్యూబ్‌లో హరికథలు అన్నీ దాంట్లో. మూడోది డీ డ్రైవ్, రెండు సిస్టమ్‌లకీ కనపడుతుంది, ఫైళ్లన్నీ అక్కడే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసినాను, లేకపోతే అది పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు లినక్స్ డీ డ్రైవ్ మీద రాయనంటుంది. ఇదంతా మొదలుపెట్టేముందే బిన్‌లో ఉన్న 1,463 ఫైళ్లు కట్ చేసి ఒక ఫోల్డర్లో పెట్టి, తర్వాత దాన్ని డీ డ్రైవ్‌లోకి తెచ్చినాను, రిస్టోర్ కొట్టలేదు, కొడితే ఒక్కొక్కటి తన పాత చోటికి పోయి ఇల్లంతా చెల్లాచెదురు అయ్యేది. ఫోల్డర్ పేరు అటక.

మింట్ డెస్క్‌టాప్ మీద బుట్ట మామూలుగా కనపడదు, సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ అనే చోట ఆన్ చేయాలి. అది లేకుండా లాప్‌టాప్ ఇచ్చుంటే చిన్నాయన ఒక్క ఫైల్ కూడా డిలీట్ కొట్టేవాడు కాదు. లినక్స్ బుట్ట లోపల ఎట్లా ఉంటుందో కూడా చూపించినాను, రెండు ఫోల్డర్లు ఉంటాయి, ఒక దాంట్లో తీసేసిన ఫైళ్లు, ఇంకో దాంట్లో ఒక్కో ఫైల్‌కి ఒక్కో చీటీ. చీటీని మామూలు ఎడిటర్లో తెరిచి చదవచ్చు, ఫైల్ ఎక్కడ ఉండేదో ఒక లైను, తీసేసిన తేదీ గంట నిమిషం సెకను ఇంకో లైను. తెలుగు పేరున్న ఫోల్డర్ అయితే ఆ చీటీలో తెలుగు కనపడదు, శాతం గుర్తులు, అంకెల వరస వస్తుంది, చూడ్డానికి బాధగానే ఉంటుంది గానీ రిస్టోర్ కొడితే సరిగ్గా తెలుగు పేరున్న చోటికే వెళ్తుంది. విండోస్ కూడా ఇట్లాంటి చీటీ రాస్తుంది, కాకపోతే మనం చదివే రూపంలో ఉండదు. చిన్నాయన ఆ చీటీలు చూసి "జాబ్ కవర్ మీద మేం రాసుకునేది ఇదే కదా" అన్నాడు.

ఒకటే ఒక చిక్కు నేను ముందుగా ఆయనకి చెప్పలేదు, చెప్పాల్సింది. ఫిబ్రవరిలో ఫోన్ చేసినాడు, గొంతులో కంగారు. పెనుకొండ పార్టీ, మొదటి ప్రూఫే కావాలన్నారు, బిన్‌లో లేదు.

"యాడ డిలీట్ చేసినావు చిన్నాయనా, విండోస్‌లోనా, మింట్‌లోనా?"

"మింట్‌లో. వాట్సాప్‌లో పంపిచ్చినాక వాళ్లు వద్దన్నారు, అక్కడే కొట్టేసినా. ఇప్పుడు పేజ్‌మేకర్‌కి వచ్చి చూస్తే లేదు."

రెండు సిస్టమ్‌ల బుట్టలు ఒకదానికొకటి కనపడవు. లినక్స్‌లో డీ డ్రైవ్ మీది ఫైల్ తీసేస్తే అది డీ డ్రైవ్‌లోనే డాట్ ట్రాష్-1000 అనే ఫోల్డర్లోకి పోతుంది, 1000 అంటే మింట్‌లో మొదట చేరిన యూజర్ నంబర్, అంటే ఈయనే. లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లు దాగి ఉంటాయి, విండోస్‌కి ఆ పట్టింపు లేదు, మామూలు ఫోల్డర్‌లానే చూపిస్తుంది. డీ డ్రైవ్ తెరవమని, చుక్క ఉన్న పేరు చూడమని, దాంట్లో ఫైల్స్ అనే ఫోల్డర్లోకి పోమని ఫోన్లోనే చెప్పినాను. కొంచెంసేపు మౌస్ క్లిక్కులు తప్ప ఏం వినపడలేదు.

"ఉండాది ఉండాది. రెండూ ఉండాయి, పేజ్‌మేకర్ ఫైలూ, బొమ్మా."

కాపీ చేసుకుని డీ డ్రైవ్‌లో వేరేగా పెట్టుకున్నాడు. తర్వాత "ఈ ఫోల్డర్ పేరు మార్చి అటక అని పెట్టుకోవచ్చునా?" అని అడిగినాడు. వద్దు చిన్నాయనా, మారిస్తే అది బుట్ట అని లినక్స్‌కి తెలీదు, కొత్తది ఇంకోటి పుట్టిస్తుంది అన్నాను. సరేలే అన్నాడు. పోయిన ఆదివారం వాళ్లింటికి పోయి చూస్తే విండోస్ డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ పక్కనే ఆ ఫోల్డర్‌కి షార్ట్‌కట్ చేసిపెట్టుకుని ఉన్నాడు, దాని పేరు రెండో అటక.